మీ ప్రశ్నలు, మా లెక్కలు: సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలింది?

ప్రశ్న: మేం ఇంట్లో వాడే ప్రొపేన్ సిలిండర్‌ని కాటా మీద పెడితే 12 కిలోలు చూపించింది. నిండుగా ఉన్నప్పుడు 17. పన్నెండుని పదిహేడుతో భాగిస్తే 70 శాతం వస్తోంది కాబట్టి ఇంకా బోలెడు ఉందని ధీమాగా ఉన్నాం, కానీ ఎత్తి చూస్తే అంత ఉన్నట్టు లేదండీ. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: భాగహారం బాగానే చేశారు గానీ, ఇనుముని కూడా గ్యాస్ ఖాతాలోనే వేసేశారు! ఖాళీ సిలిండర్ బరువు ఎంతో పైన మెడ చుట్టూ ఉండే పట్టీ మీద కొట్టి ఉంటుంది, ముందు అది చూడండి. అది 8 కిలోలు అనుకుందాం. అప్పుడు మీరు మొదలుపెట్టింది 9 కిలోల గ్యాస్‌తో, ఇప్పుడున్నది 4. అంటే 44 శాతం, సగం కూడా లేదు.

కాటా సంగతి కూడా చూసుకోండి. మనుషులు బరువు చూసుకునే మిషన్ అరకిలో అటూ ఇటూ చూపించిందనుకోండి, 12 కిలోల మీద అది 4 శాతమే కదా అని వదిలేస్తాం, కానీ మీకు కావలసింది లోపలున్న 4 కిలోల సంగతి, దాని మీద అదే అరకిలో 12.5 శాతం అవుతుంది. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పోనీ ప్రెషర్ మీటర్ చూద్దామా అంటే, లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ వేడిని బట్టి మారుతుందే తప్ప సరుకు ఎంత ఉందో చెప్పదు. తూకమే నయం.

ఎన్ని గంటలు వస్తుందో కూడా చెప్పేస్తాను. కిలో ప్రొపేన్ మండితే సుమారు 13 యూనిట్ల వేడి వస్తుంది, కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. 3 కిలోవాట్ల బర్నర్‌ని పూర్తి మంట మీద ఉంచితే కిలోకి నాలుగు గంటల పైన, మీ 4 కిలోలకి దాదాపు 17 గంటలు.

ప్రశ్న: మా పెద్ద ట్యాంకు గేజ్ 40 నుంచి 20కి పడింది. 20 శాతం వాడాం అని మావారు, సగం అయిపోయింది అని నేను. ఎవరిది రైటు? అసలు ఎప్పుడు నింపినా 80 దగ్గరే ఎందుకు ఆపేస్తారు?

జవాబు: ఇద్దరిదీ రైటే. ఆయన ట్యాంకులో శాతం చెప్తున్నారు, మీరు గ్యాస్‌లో శాతం చెప్తున్నారు. పొయ్యి వెలిగించేవాళ్లకి పనికొచ్చేది మాత్రం మీ లెక్కే అని నా ఓటు.

80 దగ్గర ఆపేది పిసినారితనంతో కాదు. ద్రవ ప్రొపేన్ వేడికి బాగా ఉబ్బుతుంది: 15 డిగ్రీల దగ్గర 800 లీటర్లుంటే 40 డిగ్రీలకి దాదాపు 870 అవుతుంది. ఆ ఖాళీ ఉంచకపోతే ద్రవానికి చోటు చాలక ట్యాంకు మీద ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి గేజ్‌లో 80 అంటే నిండు, 40 అంటే సగం. ఇంకో తమాషా, చలి ఉదయం ఒక అంకె, ఎండ మధ్యాహ్నం ఇంకాస్త పెద్ద అంకె కనిపిస్తే ఎవరో వచ్చి నింపారనుకోకండి, ఘనపరిమాణం పెరిగింది గానీ బరువు అంతే ఉంది. కిలోల్లో తెలియాలంటే లీటర్లని 0.51తో గుణించండి. 1000 లీటర్ల ట్యాంకులో గేజ్ 20 చూపిస్తే 200 లీటర్లు, అంటే దాదాపు 102 కిలోలు.

ప్రశ్న: చలికాలంలో మా గ్యాస్ వాడకం 25 శాతం పెరిగింది, తర్వాత 25 శాతం తగ్గింది. మళ్లీ పాత లెక్కకే వచ్చినట్టేగా?

జవాబు: కాదు, ఇంకా కిందకే దిగారు. నెలకి 40 కిలోలు వాడేవారు 50కి వెళ్లారు, ఆ 50లో పావు వంతు తీస్తే 37.5. సరిగ్గా నలభైకి రావాలంటే 20 శాతం తగ్గితే చాలు.