ఏజెంటు బెదిరించాడని ఫిర్యాదు ఆపకండి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఒక ఏజెంటు లక్షన్నర తీసుకుని పంపాడు. తీరా నది దాటించి మయన్మార్‌లోని మ్యావడికి తీసుకెళ్లారు. అమ్మాయి పేరుతో చాటింగ్ చేయించి జనాన్ని మోసం చేయిస్తున్నారట. కేసు పెడితే మీ తమ్ముడే లోపలికి పోతాడని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
– ఒక అక్క, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, వాడి మాటలో పావలా నిజం, ముప్పావలా అబద్ధం. ముందు ఆ పావలా సంగతి. బెదిరింపుకు లొంగి చేసింది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 32వ సెక్షన్ అంటుంది, కానీ అది అడిగేది అప్పటికప్పుడు చంపేస్తారన్న భయం. టార్గెట్ రాలేదని కొట్టారు, తిండి పెట్టలేదు అంటే ఒక్కోసారి సరిపోకపోవచ్చు. అందుకే తమ్ముడు అక్కడ ఉండగానే, అతను బాధితుడని ఇక్కడ ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కాలి. తిరిగొచ్చాక చెప్పుకునే కథ కంటే దానికి బరువెక్కువ.

ఇక ముప్పావలా. మోసం చేసి తీసుకెళ్లి బానిస చాకిరీకి అప్పగించడం 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా, కనీసం ఏడేళ్లు, పదేళ్ల దాకా జైలు. ఇష్టపడే విమానం ఎక్కాడుగా అని ఏజెంటు తప్పకుండా అంటాడు, అననివ్వండి. బాధితుడి సమ్మతితో పనిలేదని ఆ సెక్షన్‌లోనే ఉంది. మనుషుల అక్రమ రవాణాను అడ్డుకోవడానికి దేశాలు చేసుకున్న ఒప్పందం, 2000 నాటి ఐక్యరాజ్యసమితి పాలెర్మో ప్రోటోకాల్‌దీ ఇదే దారి, 2011లో మన దేశమూ దానికి ఒప్పుకుంది. పైగా రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషుల్ని పంపడం 1983 వలస చట్టం కింద విడిగా ఇంకో నేరం. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాడి పేరు ఉందేమో చూడండి.

స్టేషన్‌లో 'మయన్మార్ మా పరిధి కాదు' అంటే, డబ్బు తీసుకుంది ఎక్కడో చెప్పండి. అయినా వినకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది) అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ నంబరు, పాస్‌పోర్టు నంబరు పెట్టి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఏజెంటు వాయిస్ మెసేజ్‌లు, ఫోన్‌పే రసీదులు అసలు ఫోన్‌లోనే ఉంచండి, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని చెరిపేయొద్దు. తమ్ముడికి మాత్రం మీరుగా ఫోన్ చేయకండి, పక్కన ఎవరుంటారో తెలీదు.

2025 మార్చిలో ఇలా చిక్కుకున్న 549 మంది మనవాళ్లను, మ్యావడికి నది అవతల థాయ్‌లాండ్‌లో ఉన్న మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు, కాబట్టి దారి లేకపోలేదు. వచ్చాక పోలీసులు ప్రశ్నిస్తారు, అది అరెస్టు కాదు. ఇచ్చే నోటీసు నాగరిక్ సురక్షా సంహిత 179 కింద ఉంటే సాక్షిగా పిలిచారని. 35(3) అని ఉంటే మాత్రం నేరం చేశాడన్న అనుమానంతో పిలిచారని, ఒంటరిగా పంపకండి, లాయర్‌ని వెంటబెట్టి పంపండి.