బిడ్డా, కమలాపూర్ చరిత్ర రాసే ముందు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

ఇప్పుడు లేని మన కమలాపూర్ నియోజకవర్గం చరిత్ర రాస్తనంటున్నవట, మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంబురంతోని రాత్రి నిద్ర పట్టలేదు. భయంతోని గూడ.

పెద్దమనుషులను అడుగు, తారీఖులు రాసుకో. ఇవి నీకు చెప్పాల్నా.

ఇరవై ఏండ్ల కింద బడి వార్షికోత్సవ సంచికకు నేను గిదే రాసిన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 294 స్థానాలు. ఎన్నికల నివేదికల మన కరీంనగర్ జిల్లా కమలాపూర్ ఉంటది, కడప జిల్లా కమలాపురం గూడ ఉంటది. రాత్రిపూట ఎత్తి రాసుకుంట ఒక ఎన్నికకు కడపోళ్ల పేర్లు, ఓట్లు దించేసిన. సంచిక పంచినంక, ఎన్నో ఎన్నికలకు ఏజెంటుగ కూసున్న ముసలాయన మా ఇంటికొచ్చిండు. పేజీ తెరిచి ఆ పేరు మీద వేలు పెట్టిండు, తియ్యలే. "సారూ, ఈ పేరుగల మనిషి మన దిక్కు నిలబడనే లేదు" అన్నడు. తిడితే బాగుండు. వారం దినాలు ఇల్లిల్లు తిరిగి నీలం పెన్నుతోని దిద్దిన. పట్నం పోయిన కాపీలు అట్లనే ఉన్నయి. నువ్వు నెట్‌ల పెడ్తనంటున్నవు, అది ఎన్ని ఊర్లకు పోతదో!

అందుకే ప్రతి అంకె పక్కన జిల్లా పేరు రాయి. మండలం లెక్కన ఓట్లు చెప్పబోకు. 1985 మార్చిల ముద్దసాని దామోదర్ రెడ్డి మొదటిసారి గెలిచేనాటికి మండలాలే లేవు, ఆ ఏడే తర్వాత వచ్చినయి. ఆయన 1989, 1994, 1999లల్ల గూడ తెలుగుదేశం నుంచే గెలిచిండు. 2004ల టీఆర్ఎస్ నుంచి ఈటల రాజేందర్, 2008ల రాజీనామా చేసి ఉప ఎన్నికల మళ్ల ఆయనే. ఆ తర్వాత మన పేరు లేదు.

నియోజకవర్గాల హద్దులు మళ్ల గీసిండ్రు, 2009 ఎన్నికలకు తెలంగాణల అసెంబ్లీ స్థానాలు 107 నుంచి 119 అయినయి బిడ్డా. పన్నెండు పెరిగినయి, మనది పోయింది. మండలాన్ని కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ నియోజకవర్గంల కలిపిండ్రు. 2016ల జిల్లా గూడ మారి వరంగల్ అర్బన్‌ల పడ్డం, ఇప్పుడు హనుమకొండ. జిల్లా ఒక దిక్కు, ఓటు ఒక దిక్కు. ఇది మాత్రం తొందరపడకుండ రాయి, మనోళ్ల మనసుకు తగిలిన ముచ్చట.

ఎండల తిరగకు. పైసలకు మొహమాటపడకు, బస్సు కిరాయి నేనిస్త. నీలం గీతలున్న సంచిక ఒకటి దాచిపెట్టిన, వచ్చి తీస్కపో. ఆ ముసలాయన కొడుకు ఊర్లనే ఉన్నడు. మొదలు ఆ ఇంటికే పో, నా పేరు చెప్పు.

మీ పెద్దబాపు