లాల్‌బాగ్‌కి పూల ప్రదర్శన అప్పుడే వెళ్లాలా?

ప్రశ్న: అమ్మా, మాది హిందూపురం. నాలుగు నెలలుగా బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక తొమ్మిదో అంతస్తులో పొద్దు పోదు. లాల్‌బాగ్ చూడాలంటే పూల ప్రదర్శన అప్పుడే చూడాలంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, జనాన్ని చూస్తే టెన్షన్. కన్నడ రాదు. ఎలా వెళ్లను?
– ఒక పాఠకురాలు

జవాబు: పూల ప్రదర్శన కోసం ఆగకండమ్మా. జనవరి 26కి, ఆగస్టు 15కి జరిగే ఆ ప్రదర్శనల్లో గ్లాస్ హౌస్ దగ్గర ఇసుక వేస్తే రాలదు. మీకు కావలసింది మామూలు మంగళవారం పొద్దున. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకూ కన్నడ రాదు. ఇంట్లో ఉండలేక రోజూ అక్కడికే వెళ్లేదాన్ని.

మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే పడమటి గేటు దగ్గరే. తోట 240 ఎకరాలు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించాడు. అంతా ఒక్కరోజులో చూసేయాలనుకోకండి.

మొదటి రోజు తెల్లబూరుగు చెట్టు ఒక్కటి చాలు. ఎవరినడిగినా చూపిస్తారు. దాని వేళ్లు నేల మీద గోడల్లా లేచి ఉంటాయి. మా అమ్మ దాని చుట్టూ తిరిగి, "దీని దూదితో ఊరందరికీ దిండ్లు కుట్టొచ్చే" అంది. ఇప్పుడు ఆ చెట్టు కింద నిలబడితే నాకు ఆ మాటే వినబడుతుంది.

కెంపేగౌడ గోపురం ఉన్న బండ సుమారు 300 కోట్ల ఏళ్లనాటిది. మీ లేపాక్షి వైపు బండల్లాగే ఉంటుంది, ఊరు గుర్తొస్తుంది. కానీ వాలుగా ఉంటుంది కాబట్టి వాన పడ్డ రోజు ఎక్కొద్దు. ఎండ ముదరకముందే, ఎవరి చెయ్యైనా పట్టుకుని మెల్లగా ఎక్కండి.

మోకాళ్లు మొరాయించిన రోజు టికెట్ తీసుకుని బ్యాటరీ బండి ఎక్కండి. లేదా దక్షిణం వైపు చెరువుకి వెళ్లి బల్ల మీద కూర్చోండి. నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటాయి. ఒక్కోసారి గూడబాతులూ కనిపిస్తాయి. కాసేపు కూర్చుంటే పక్కన ఎవరో తెలుగులో మాట్లాడుకోవడం వినబడుతుంది. పలకరించండి, మొహమాటపడకండి. నాకు ముప్ఫై ఏళ్ల స్నేహితురాలు ఆ గట్టు మీదే దొరికింది.

ఈ ఆదివారం అబ్బాయిని ఒక్కసారి గేటు దాకా తోడు రమ్మనండి. మెట్రో కార్డు కూడా అప్పుడే తీయించుకోండి.