పాఠకుల ప్రశ్నలు: వదిలేసినా పక్కకు లాగే జాయ్‌స్టిక్

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 గేమ్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నాను. రన్‌వే మీద థ్రాటిల్ (ఇంజను పవర్) పెంచగానే విమానం ఎడమకు లాగేస్తోంది. గాల్లో స్టిక్ వదిలేసినా ఒక పక్కకు ఒరుగుతోంది. విండోస్‌లో రెండుసార్లు కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య, చివరలు ఎక్కడో కంప్యూటర్‌కు చూపడం) చేసినా తేడా లేదు. స్టిక్ మూడేళ్ల నాటిది. కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అప్పుడే కొనకండి. రన్‌వే మీద లాగడం స్టిక్ తప్పు కాదు. పూర్తి పవర్‌లో అసలు సెస్నా కూడా ఎడమకే పోతుంది. ప్రొపెల్లర్ తోసిన గాలి మెలికలు తిరుగుతూ వెళ్లి తోక నిలువు రెక్కకు ఎడమ వైపు కొడుతుంది. ఇంజను తిప్పుడు బలం ఎడమ చక్రాన్ని నేలకు నొక్కుతుంది. కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కొద్దికొద్దిగా ఇస్తూ పోవాలి. దీన్ని కాలిబ్రేషన్‌తో సరిచేయబోతే, దిగేటప్పుడు పవర్ తీయగానే విమానం కుడికి పోతుంది.

గాల్లో ఒరగడం మాత్రం స్టిక్ వల్ల కావచ్చు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మీ స్టిక్ పేరు ఎంచుకుని ప్రాపర్టీస్‌లోకి, అక్కడ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ముందు 'రీసెట్ టు డిఫాల్ట్' నొక్కి పాత కాలిబ్రేషన్ చెరిపేయండి. కేబుల్ పీకి, స్టిక్ మీద చేయి లేకుండా మళ్లీ గుచ్చండి. కొన్ని స్టిక్‌లు గుచ్చిన క్షణాన ఎక్కడుంటే అదే మధ్య అనుకుంటాయి. ఆ తర్వాత 'కాలిబ్రేట్' నొక్కండి. మధ్యలో వదలమన్నప్పుడు స్టిక్‌ను వేళ్లతో నిటారుగా పట్టుకోకండి, స్ప్రింగు నిలబెట్టిన చోటే మధ్య. తిప్పమన్నప్పుడు నాలుగు మూలలకూ తగిలేలా తిప్పండి.

అక్కడే 'డిస్‌ప్లే రా డేటా'కు టిక్ పెట్టండి. జబ్బేమిటో చెప్పేది ఆ అంకెలే. 10 బిట్ల స్టిక్‌లో అవి 0 నుంచి 1023 దాకా ఉంటాయి, మధ్య 512 దగ్గర. ఎడమకు లాగి వదిలితే 500 దగ్గర, కుడికి లాగి వదిలితే 525 దగ్గర ఆగుతోందంటే స్ప్రింగు వదులైంది. కాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా అది పోదు, గేమ్‌లో డెడ్ జోన్ (మధ్యలో కదిలినా గేమ్ పట్టించుకోని మేర) పెట్టాలి. 512లో 13 అంటే రెండున్నర శాతం. కాబట్టి 3 శాతం చాలు. 10 పెట్టేవాళ్లున్నారు, దయచేసి వద్దు. రన్‌వే దగ్గర పడుతున్నప్పుడు చేసే చిన్న చిన్న సర్దుబాట్లన్నీ అందులో మునిగిపోతాయి.

ముట్టుకోకపోయినా అంకె 490, 560, 505 అంటూ ఎగురుతుంటే పొటెన్షియోమీటర్ (స్టిక్ ఎంత కదిలిందో కొలిచే భాగం) లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరినట్టో, పట్టీ అరిగినట్టో. కేబుల్ తీసేసి, లోపల కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, స్టిక్‌ను ముప్పైసార్లు చివరల దాకా తిప్పి, బాగా ఆరనివ్వండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే వాడొద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. కొన్నాళ్లకే మళ్లీ మొదలైతే పట్టీ అరిగిపోయినట్టే. అప్పుడు హాల్ సెన్సర్ ఉన్న స్టిక్ కొనండి. అందులో పని చేసేది అయస్కాంతం, రాపిడి ఉండదు. కొన్నిటిలో స్టిక్‌కు హాల్ సెన్సర్ పెట్టి, రడ్డర్ కోసం స్టిక్‌ను మెలితిప్పే కదలికకు పాత పొటెన్షియోమీటరే పెడతారు. అడిగి తీసుకోండి.

ప్రశ్న: దిగేటప్పుడు ముక్కు పైకీ కిందికీ ఊగుతోంది. కొద్దిగా కదిపినా ఎక్కువైపోతోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గేమ్ కంట్రోల్స్‌లో మీ స్టిక్ ఎంచుకుని సెన్సిటివిటీ తెరవండి. ఎక్స్ (పక్కలకు), వై (ముందుకూ వెనక్కూ) రెండింటికీ మైనస్ 30 పెట్టి చూడండి. మధ్యలో గీత చదునవుతుంది, చివరకు లాగితే పూర్తి కదలిక యథాతథంగా దొరుకుతుంది. థ్రాటిల్ గీత మాత్రం తిన్నగానే ఉంచండి. ముక్కును స్టిక్‌తో బలవంతంగా పట్టి ఉంచకుండా, ట్రిమ్ (ముక్కును ఒక స్థితిలో నిలిపి ఉంచే చక్రం) తిప్పి చేతి మీద బరువు తగ్గించుకోండి. ఊగడం సగానికి సగం ట్రిమ్ లేకపోవడం వల్లే.

ప్రశ్న: ఆట మధ్యలో స్టిక్ ఉన్నట్టుండి పని మానేస్తోంది. పీకి గుచ్చితే మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్ తీసేయండి. పవర్ అడాప్టర్ లేని హబ్‌కు తగిలించి ఉంటే, నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకు మార్చండి.