క్లచ్ వేడెక్కిందని కారుకు తెలుసు, యజమానికి ఎందుకు చెప్పదు?

ఎండలు ముదిరిన కొద్దీ ఈ శీర్షికకు ఒకే ఫిర్యాదు పదే పదే వస్తోంది. ఆటోమేటిక్ ఎస్‌యూవీ, అందులోనూ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్నది కొన్నవారు, సాయంత్రం గచ్చిబౌలి వైపు నుంచి ఇంటికి వచ్చే దారిలో డాష్‌బోర్డు మీద వేడి హెచ్చరిక చూసి కంగారుపడి రాస్తున్నారు. ఈ వారం ఆ ఫిర్యాదుతో పాటు, దానితో ముడిపడిన మరికొన్ని సందేహాలు తీసుకుంటున్నాను.

కొండాపూర్ నుంచి ఒక పాఠకురాలు: మా ఎస్‌యూవీ కొని ఏడాది కాలేదు. బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కే వరుసలో ఉండగా, ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, బండి ఆపండి అని తెర మీద వచ్చింది. సర్వీసు సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపారు. కొద్ది రోజులకే మళ్లీ అదే హెచ్చరిక. లోపం గేర్‌బాక్స్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

చాలా సందర్భాల్లో రెండింటిదీ కాదు. ఆ గేర్‌బాక్స్ నిర్మాణానికీ మన నగరపు రద్దీకీ పొత్తు కుదరకపోవడమే అసలు కారణం. డ్యూయల్ క్లచ్‌లో 1, 3, 5, 7 గేర్లను ఒక క్లచ్, 2, 4, 6 గేర్లను మరొక క్లచ్ చూసుకుంటాయి. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద దాని పనితీరుకు వంక పెట్టలేము. కానీ టార్క్ కన్వర్టర్ ఉండే సాంప్రదాయ ఆటోమేటిక్‌లో బండి మెల్లగా పాకుతున్నప్పుడు ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య జారేది నూనె; అక్కడ అరిగేది ఏదీ ఉండదు, పుట్టిన వేడిని కూలర్ తీసేస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో అదే పనిని క్లచ్ పలకలు సగం పట్టుకుని సగం జారుతూ చేయాలి. చిన్న టర్బో ఇంజిన్లకు జోడించే వాటిలో చాలా వరకు డ్రై క్లచ్ రకం కావడంతో, పలకల చుట్టూ నూనె ఉండదు, చల్లబరిచే భారమంతా గాలిదే. బండి కదలనప్పుడు ఆ గాలి కూడా అంతంత మాత్రమే. అయిదుగురు కూర్చున్న బండి ఎత్తు మీద అడుగు అడుగున జరుగుతూ, నలభై డిగ్రీల ఎండలో అరగంట నడిస్తే వేడెక్కకపోతేనే ఆశ్చర్యపడాలి.

అప్‌డేట్‌తో క్లచ్ ఎప్పుడు, ఎంత మేర పట్టుకోవాలన్నది మార్చవచ్చు. దానివల్ల కొంత ఉపశమనం ఉంటుంది, పలకల స్వభావం మాత్రం మారదు. మీరు చేయగలిగింది మరింత ఉంది. ముందు బండి జానెడు జరిగినప్పుడల్లా మీరూ జానెడు జరగకండి. ఒక బండి పట్టేంత ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదిలి, పూర్తిగా ఆపండి. ఆపినప్పుడు బ్రేకును గట్టిగా నొక్కండి, కాలు తీసినా బ్రేకును పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే వాడండి. బ్రేకు మీద కాలు తేలికగా ఆనించి ఉంచితే క్లచ్ పూర్తిగా విడిపోదు. అన్నింటికన్నా పెద్ద తప్పు ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తులో రోజూ ఎంతోమంది ఇలా చేస్తున్నారు, తర్వాత క్లచ్ కాలిపోయిందని కంపెనీని తిడుతున్నారు. హెచ్చరిక వస్తే మాత్రం పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి, మీ బండి మాన్యువల్ వేరే విధంగా చెప్పకపోతే ఇంజిన్ నడుస్తుండగానే చల్లబడనివ్వండి.

ఇక నా అభిప్రాయం అడిగితే, వారంలో ఆరు రోజులు నగర రద్దీలోనే తిరిగే కుటుంబానికి డ్రై క్లచ్ రకాన్ని నేను సూచించను. టార్క్ కన్వర్టర్ గానీ, విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ గానీ, బడ్జెట్ ఉంటే ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ గానీ చూసుకోవాలి. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు మార్చే యంత్రాన్ని అమర్చిన ఏఎంటీ కూడా మామూలు క్లచ్‌తోనే పనిచేస్తుందని మరచిపోకూడదు. ఖాళీ సర్వీసు రోడ్డు మీద పది నిమిషాలు నడిపించి అమ్మే షోరూంలు, ఆ టెస్ట్ డ్రైవ్‌ను సాయంత్రం ఆరు గంటలకు రాయదుర్గంలో ఇవ్వాలని కొనేవారు పట్టుబట్టాలి.

మణికొండ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: హెచ్చరిక వచ్చేదాకా క్లచ్ ఎంత వేడిగా ఉందో తెలియడం లేదు. అందుకే ఆన్‌లైన్‌లో, కారు లోపలి సమాచారాన్ని చదివే ఒక ఓబీడీ బ్లూటూత్ పరికరం కొని స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టాను. ఇప్పుడు ఉష్ణోగ్రత ఫోన్‌లో కనిపిస్తోంది. దాన్ని ఎప్పటికీ అలాగే ఉంచేయవచ్చా?

ఉంచకూడదు. ఈ జవాబు చదివాక తీసేయండి. ఆ సాకెట్‌ను పెట్టింది మెకానిక్ కాసేపు పరికరం తగిలించి, లోపం చూసి, తీసేయడానికి. అందులో ఏదో ఒకటి రాత్రింబవళ్లు ఉంటుందని దాన్ని రూపొందించినవారు అనుకోలేదు. సాకెట్‌లోని 16వ పిన్‌కు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ బ్లూటూత్ మేలుకునే ఉంటుంది. చవక పరికరాల్లో చాలావాటికి ఫోన్‌తో జత చేసే పాస్‌కోడ్ 1234 లేదా 0000. కొన్నింటికి అదీ ఉండదు. పక్క బండిలో కూర్చున్న అపరిచితుడు దానితో జత కావడానికి పెద్ద విద్య అవసరం లేదు.

జత అయితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్‌లను చూసే కంట్రోల్ యూనిట్లు, అంటే చిన్న కంప్యూటర్లు, మాట్లాడుకునే క్యాన్ అనే పద్ధతి 1986లో వెలుగులోకి వచ్చింది. అందులో సందేశం పంపింది ఎవరని నిర్ధారించుకునే ఏర్పాటు లేదు, ఎందుకంటే ఆనాడు కారుకు బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓబీడీ సాకెట్‌లో పెట్టే ఒక ట్రాకింగ్ పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి, ఒక స్పోర్ట్స్ కారు వైపర్లను ఆడించారు, తక్కువ వేగంలో బ్రేకులు వేయించారు, వాటిని పనిచేయకుండా కూడా చేశారు. అదే ఏడాది మరో ఇద్దరు పరిశోధకులు ఒక ఎస్‌యూవీని దాని సొంత ఇంటర్నెట్ కనెక్షన్ ద్వారానే దూరం నుంచి అదుపులోకి తీసుకోగా, అమెరికాలో 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కార్లలో కొన్నింటికి సాకెట్‌కూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య సందేశాలను వడపోసే గేట్‌వే పెట్టారు. మీ బండిలో అది ఉందో లేదో అమ్మినవారే చెప్పలేకపోవచ్చు. పైగా ఇవాళ్టి ఎస్‌యూవీల్లో అత్యవసర బ్రేకింగ్, లేన్ కీపింగ్ వంటివి ఉన్నాయి, అంటే మనిషి కాలూ చేయీ కదపకుండానే బ్రేకు, స్టీరింగ్ ఎలక్ట్రానిక్ ఆదేశాలకు కదులుతాయి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. పిల్లలను బడికి తీసుకెళ్లే బండిలో అలాంటి నెట్‌వర్క్‌కు, ఎవరు తయారు చేశారో తెలియని, అప్‌డేట్ అన్నది ఎన్నడూ రాని పరికరాన్ని శాశ్వతంగా తగిలించి ఉంచడం తెలిసి తెలిసి తెచ్చుకునే ప్రమాదం. తప్పనిసరి అనుకుంటే బండి నిలిపి ఉన్నప్పుడు పెట్టి, చూసుకుని, వెంటనే తీసేయండి.

అయితే ఈ ప్రశ్నలో మిమ్మల్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. క్లచ్ వేడిని కంట్రోల్ యూనిట్ క్షణక్షణమూ లెక్కిస్తూనే ఉంటుంది. లెక్కించకపోతే హెచ్చరికే రాదు. కొన్ని మోడళ్లలో ఆ ఉష్ణోగ్రతను మీటరులో చూపిస్తున్నారు కూడా, కాబట్టి ఇది సాధ్యం కాని పని కాదు. మిగిలిన కంపెనీలు ఎందుకు దాస్తున్నాయి? క్యాబిన్ దీపాల రంగులు మార్చడానికీ, పాటల బొమ్మలు చూపించడానికీ పది అంగుళాల తెర మీద చోటుంది, యజమాని జేబుకు చిల్లుపెట్టే భాగం ఎంత వేడిగా ఉందో చెప్పడానికి లేదు. ముందే గీత ఎక్కుతూ కనిపిస్తే డ్రైవరు తన పద్ధతి మార్చుకుంటాడు. చేయి దాటాక ఎర్ర అక్షరాలు చూపించి, ఫ్లైఓవర్ మధ్యలో ఆపమనడం భద్రత అనిపించుకోదు. సమాచారాన్ని ఇలా బిగించి పెట్టడం వల్లనే బుద్ధిమంతులు కూడా బజారు పరికరాలను ఆశ్రయిస్తున్నారు.

అప్‌డేట్ల విషయంలోనూ ఇదే ధోరణి. గేర్‌బాక్స్ ప్రవర్తనను మార్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఏం మారిందంటే పనితీరు మెరుగుదల అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. వాహనాల సైబర్ భద్రత, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల మీద ఐక్యరాజ్యసమితి 155, 156 నిబంధనలు 2020లోనే ఆమోదం పొందాయి. అప్‌డేట్ ఎందుకు చేస్తున్నారో, దానివల్ల ఏం మారుతుందో వాహనం వాడేవారికి ముందుగా తెలియజేయాలని వాటిలో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నింటికీ ఇవి వర్తిస్తున్నాయి. మన దేశంలోనూ ఏఐఎస్-189, ఏఐఎస్-190 పేరిట అదే బాటలో ప్రమాణాలు రూపొందాయి. అవి అమలయ్యేదాకా ఆగనవసరం లేదు. సర్వీసుకు ఇచ్చినప్పుడు గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, కొత్త వెర్షన్ నంబర్లను జాబ్ కార్డు మీద రాసివ్వమని ప్రతి ఒక్కరూ అడగాలి. వారంటీ వివాదం వచ్చిననాడు చేతిలో ఉండే ఆధారం అదే.

ఎల్బీనగర్ నుంచి ఒక పాఠకుడు: సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌యూవీ కొన్నాను. కంపెనీ యాప్‌లో నమోదు చేయబోతే, ఈ వాహనం వేరొక ఖాతాలో ఉందని వస్తోంది. యాప్ నాకు పెద్దగా అవసరం లేదు. వదిలేయవచ్చా?

వదిలేయకండి. మీకు అవసరం లేకపోయినా ఆ యాప్ పాత యజమాని ఫోన్‌లో పనిచేస్తూనే ఉండవచ్చు. బండి ఎక్కడుందో ఆయనకు తెలుస్తుంది; మోడల్‌ను బట్టి తలుపులు తెరవగలరు, ఇంజిన్ స్టార్ట్ చేయగలరు. ఆయన మంచివారే కావచ్చు, కానీ ఆయన ఫోన్ పోతే దొరికినవారి సంగతి ఏమిటి? యాజమాన్యం మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు జాగ్రత్తగా పెట్టించుకునేవారు ఈ ఖాతా సంగతి అడగడం లేదు, బండ్లు కొని అమ్మే మధ్యవర్తులు చెప్పడం లేదు. పాత యజమానితో ఖాతా నుంచి బండిని తొలగింపజేయండి. ఆయన దొరకకపోతే మీ పేరు మీద మారిన ఆర్సీతో కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. తెరను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రెండో తాళంచెవి చేతికి రాకపోతే, సర్వీసు సెంటర్‌లో దాన్ని బండి జ్ఞాపకం నుంచి తీయించండి.

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు: టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ మైలేజీ తగ్గింది. ఓబీడీ సాకెట్‌లో పెడితే మైలేజీ పెంచే చిప్ ఒకటి అమ్ముతున్నారు. పనిచేస్తుందా?

పనిచేయదు. అలాంటి వాటిని విప్పి చూసినవారికి కనిపించింది మినుకుమినుకుమనే దీపాలే. మైలేజీ తగ్గడానికి ఒక కారణం పెట్రోల్‌లోనే, అందులో కలిపే ఇథనాల్‌లోనే ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికే అంచనా వేసింది. 10 శాతం మిశ్రమం కోసం తయారై, 20 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఆ తగ్గుదల 1 నుంచి 2 శాతం. అంతకు మించి పడిపోతే టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూపించండి. చిప్‌కు పెట్టే డబ్బుతో ఆ మూడూ చూపించుకోవచ్చు.