బండి ప్రశ్నలు: పాత లారీకి లాగుడు తిరిగి రావాలంటే

ప్రశ్న: మాది టర్బో (ఇంజనులోకి అదనంగా గాలి నెట్టే పరికరం) లేని పాత టాటా 407 లారీ. పొదలకూరు నుంచి నిమ్మకాయలతో చెన్నై తిరుగుతుంది. రెండేళ్ల కిందట లోడుతో కూడా 70 మీద పోయేది. ఇప్పుడు గూడూరు దాటాక 55 ఎక్కనంటోంది. ఫ్లైఓవర్ వచ్చిందంటే మూడో గేరుకు దిగాల్సిందే. ఇంజనుకు డీజిలు పోసే పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచుదామని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
- ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: వద్దండీ, ఇప్పుడే పంపు జోలికి పోకండి. పంపులో రెండు సర్దుబాట్లు ఉంటాయి. ఫుల్ లోడులో ఎంత డీజిలు పడాలో ఒకటి నిర్ణయిస్తుంది. ఇంజను ఎంత రేస్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఆగాలో రెండోది, అంటే గవర్నరుది, నిర్ణయిస్తుంది. టర్బో లేని ఇంజను పీల్చే గాలి పెరగదు కాబట్టి, మొదటిది తిప్పి పోసిన అదనపు డీజిలు సరిగా కాలక నల్ల పొగగా పోతుంది. పిస్టన్ల మీద, వాల్వుల మీద వేడి పెరుగుతుంది. ఇక రెండోది తిప్పినా మీకు లాభం లేదు. లోడు మీద 55 దగ్గర ఆగిపోతున్న ఇంజను ఆ హద్దు దాకా రావడమే లేదు కదా.

ఒకప్పుడు 70 పోయిన బండి ఇది. కొత్తగా శక్తి పెట్టక్కర్లేదు, ఉన్నది ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. దానికి ముందు పొగ చూడండి. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా క్లీనరును వెనక్కి చూడమనండి. నల్లగా వస్తే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదు, లేదా సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిల్ చుక్కలు కారుస్తోంది. పొగే లేకుండా నీరసపడితే డీజిలు అందడం లేదు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తుంటే పంపు టైమింగ్ (డీజిలు చిమ్మే సమయం) వెనకబడి ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్షతోనే వెతకాల్సిన చోట్లు సగం తగ్గుతాయి.

తర్వాత డబ్బు ఖర్చు లేనివి. ఒకరు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పంపు లివరు చివరి స్టాపు బోల్టును తాకుతోందో లేదో చూడాలి (ఇంజను ఆపి ఉంచే చేయండి). పెడలునూ లివరునూ కలిపే లింకేజీ అరిగినా, పెడలు కింద మ్యాటు మందమైనా లివరు అక్కడి దాకా రాదు. చాలా బండ్లలో జబ్బు ఇదే, ఎవరూ చూడరు. ఇరవై కిలోమీటర్లు నడిపాక నాలుగు బ్రేకు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టండి, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే సెగ కొడితే ఆ బ్రేకు పట్టేసి ఉంది. చక్రాన్ని జాకీ మీద ఎత్తి తిప్పితే తెలిసిపోతుంది. టాప్ గేరులో 40 మీద పోతూ ఎక్సలేటర్ గట్టిగా తొక్కండి. ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. అప్పుడు పంపుకు ఎంత పెట్టినా దండగే.

పొగ లేని నీరసానికి టాంకు దగ్గర నుంచి వెతకండి. టాంకులో పైపు చివరి జల్లెడ, ఫీడ్ పంపు గిన్నె, ఫిల్టర్లు, బాంజో బోల్టుల (పైపులను బిగించే బోలు బోల్టులు) రంధ్రాలు వరసగా చూడాలి. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి ప్రైమరు (ఫీడ్ పంపు మీది చేతి పంపు) కొట్టండి. బుడగలు ఆగకుండా వస్తుంటే టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. అది బయటికి డీజిలు కారే లీకు కాదు, అందుకే కంటికి కనపడదు. ఆ ముక్కలో రబ్బరు పైపులూ రాగి వాషర్లూ మార్చేయండి.

పొగ నల్లదైతే ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. అది తీసేసి ఒక్క నిమిషం రేస్ చేసి చూడండి, తేడా తెలిస్తే కొత్తది వేయండి. కానీ ఫిల్టరు లేకుండా రోడ్డెక్కొద్దు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) అరగడానికి అదొక్కటే చాలు. ఆ తర్వాత సైలెన్సరు మూసుకుపోయిందేమో, టాపెట్ గ్యాపు (వాల్వుల మీద వదిలే సందు) సరిగా ఉందో లేదో చూసి, చివర నాజిళ్లనూ పంపునూ ల్యాబుకు ఇవ్వండి. పంపులో ఒక్కో సిలిండరుకు ఒకటిగా ఉండే ఎలిమెంట్లన్నీ సమానంగా డీజిలు పోసేలా క్యాలిబ్రేషన్ చేయించి సీలు వేయించుకోండి.

ఇవన్నీ బాగున్నాక అసలు బండి ఎంత పోవాలో లెక్క వేసుకోండి. ముందు చక్రాలకూ, ఒక వెనక చక్రానికీ రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, రెండో వెనక చక్రాన్ని ఎత్తి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లోని గేర్లు) నిష్పత్తి. అది 5.28 అనుకుందాం. 7.50-16 టైరు ఒక చుట్టుకు సుమారు 2.45 మీటర్లు పోతుంది. టాప్ గేరు ఒకటికి ఒకటైతే 2800 రేస్ దగ్గర గంటకు 78 కిలోమీటర్లు వస్తాయి. నాలుగు లైన్ల హైవే మీద సరుకు బండికి గరిష్ఠ వేగం 80 కాబట్టి ఇంతకు మించి వెతకక్కర్లేదు. పెద్ద టైర్లు వేస్తే అంకె పెరుగుతుంది గానీ ఎక్కుడులో లాగుడు అంతే శాతం తగ్గుతుంది. మీ బండికి అది పనికిరాదు.

ఇంకొకటి. అయిదున్నర టన్నుల బండిని చదును రోడ్డు మీద 60తో లాగడానికి దాదాపు 30 హార్స్ పవర్ చాలు, 80కి 55 దాకా కావాలి. తేడాలో ఎక్కువ భాగం గాలిది. నిమ్మకాయల మీద పట్ట వదులుగా కట్టి అది బుడగలా ఉబ్బితే, ఎండాకాలం దక్షిణపు గాలికి ఎదురుగా చెన్నై వెళ్లేటప్పుడు వేగంలో అయిదారు కిలోమీటర్లు అక్కడే పోతాయి. బిగించి కట్టించండి.

ప్రశ్న: 1960ల నాటి పెట్రోలు లారీని బాగు చేయించి పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్నాం. వేగం 45 దాటదు. ఇంజను రిపేరు చేయిస్తే పెరుగుతుందా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) కొలవండమ్మా. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండరు చూడాలి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా పదో వంతు మించకూడదు. తక్కువ ఉన్నదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది.

ఈ కాలపు పెట్రోలుతో రెండు చిక్కులున్నాయి. సీసం కలిపిన పెట్రోలు 2000లో దేశమంతా ఆగిపోయింది. వాల్వులు ఆనే చోట గట్టి సీట్లు లేని పాత హెడ్డులో, లోడుతో వేగంగా తిప్పితే ఎగ్జాస్టు వాల్వు సీట్లు అరిగి టాపెట్ గ్యాపు మూసుకుపోతుంది. హెడ్డు విప్పినప్పుడే గట్టి ఇన్సర్టులు వేయించండి. రెండోది ఇథనాల్. 20 శాతం ఉన్న పెట్రోలుకు పాత జెట్టు చాలదు, మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కి లాగదు. కార్బురేటరులో మెయిన్ జెట్టు రంధ్రం 1.30 మిల్లీమీటర్లు ఉంటే 1.35ది వేసి ప్లగ్గు రంగు చూడండి. లేత గోధుమ రంగు రావాలి. ఫీడ్ పంపు డయాఫ్రం, పైపులు ఇథనాల్‌కు ఓర్చే రబ్బరువి పెట్టండి. నెలల తరబడి నిలిపితే టాంకు అడుగున చేరే నీళ్లు వంచేయండి.

డిస్ట్రిబ్యూటరులో బరువులు తుప్పు పట్టి అతుక్కుంటే రేస్‌తో పాటు స్పార్కు ముందుకు జరగదు. టైమింగ్ లైటు పెట్టి రేస్ పెంచుతూ గుర్తు జరుగుతోందో లేదో చూస్తే చాలు. కొన్ని లారీల్లో కార్బురేటరు కింద గవర్నరు పలక ఉంటుంది, అది ఇరుక్కుందేమో కూడా చూడండి.

అన్నీ సరిగా ఉండి 45 దగ్గర ఇంజను గోల పెడుతుంటే అడ్డు క్రౌన్ పినియన్‌ది. 5.8 తీసి 5.1 వేస్తే అదే రేస్‌కు వేగం ఏడో వంతు పెరుగుతుంది. ఊరేగింపులో నడక వేగానికి మాత్రం క్లచ్ ఎక్కువ తొక్కాల్సి వస్తుంది. మీ వాడకానికి ఉన్నదే ఉంచి, ఆ డబ్బుతో బ్రేకు మాస్టర్ సిలిండరు, గొట్టాలు కొత్తవి వేయించండి.