వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?

దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్ ప్రకారం 2 నిమిషాలు. అచ్చుతప్పు కాదు! ఈ రెండూ స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులు. లోగనైర్ 1967 నుంచి ఇక్కడ విమానాలు నడుపుతోంది. ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డ్ సర్వీసు ఇదే. మన శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు, అంటే ఈ ప్రయాణం మొత్తం ఆ రన్‌వే మీదే అయిపోతుంది.

దూరాన్ని వేగంతో భాగించి సమయం లెక్కేసే పద్ధతి ఇక్కడ పనిచేయదు. నడిపేది ఐలాండర్ అనే చిన్న రెండు ఇంజిన్ల విమానం, వేగం గంటకి 240 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన 40 సెకన్లు చాలు. కానీ పైకి లేవడం, తిరగడం, దిగడంలోనే సమయమంతా పోతుంది, పూర్తి వేగం అందుకునే సందు ఉండదు. విమానాలు గాలికి ఎదురుగా లేచి, ఎదురుగానే దిగాలి కాబట్టి గాలి ఎటు వీస్తోందన్నదే అసలు సంగతి. అన్నీ కలిసొచ్చిన రోజున 53 సెకన్లలో చేరిన రికార్డు ఉంది.

సరదాగా ఎక్కేవాళ్లు ఉన్నారు గానీ, టీచర్లకీ రోగులకీ ఇది మామూలు బస్సు లాంటిదే.